లేయా పేరున కూడా

ఎనభైల్లో కరీంనగర్ దగ్గర పెట్టిన ఓ కంటి శిబిరంలో నేను కొత్త నర్సును. విదేశం నుంచి వచ్చిన యూదు డాక్టరుగారి వెంట ఆయన కూతురు హన్నా కూడా వచ్చింది. వాళ్లలో పన్నెండేళ్లు నిండిన ఆడపిల్లకు పెద్ద వేడుక చేస్తారట. దానికి ముందు ఏదైనా సేవ చేయాలని హన్నా పట్టుదల. ఆపరేషనై కళ్లకు కట్లున్న ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించేది, దగ్గర కూర్చుని అన్నం తినిపించేది.

ఒకరోజు ఆమె పుస్తకంలో ఓ పిల్ల ఫోటో కనిపించింది. "మీ చెల్లెలా? తనను కూడా తీసుకురావాల్సింది" అన్నాను నవ్వుతూ, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"చెల్లెలు కాదు, లేయా. యూదులని చెప్పి రెండో ప్రపంచ యుద్ధంలో చంపేసిన పిల్లల్లో ఒకతె. తనకు ఈ వేడుక జరగలేదు. అందుకే నాది తన పేరున కూడా చేసుకుంటున్నాను" అంది హన్నా.

నవ్వినందుకు సిగ్గేసింది.

"ఏమంటుంది పిల్ల?" అని పక్క మంచం మీది మల్లవ్వ అడిగితే తెలుగులో చెప్పాను. ఆమె తడుముకుంటూ హన్నా చెయ్యి అందుకుంది.

"లేయమ్మనా? నేను గూడ యాది వెట్టుకుంట బిడ్డా, ఫికర్ జెయ్యకు."

కట్టు తడుస్తుంది, ఏడవకని మల్లవ్వను వారిస్తూ నేనే ఏడ్చేశాను.

పోయినవాళ్లను తలుచుకోవడమూ సేవేనని నాకప్పుడు తెలిసింది. చిన్నప్పుడే జ్వరంతో పోయిన మా చెల్లి పేరు ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. ఆ ఆదివారం ఇంటికి వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, "అవ్వా, చెల్లె ముచ్చట జర చెప్పవే" అన్నాను. అవ్వ పొద్దుగూకేదాకా చెబుతూనే ఉంది.