కాగితంలో లేని అక్క

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని పేటంతా మిషను బాబాయి అనేది. వారమంతా చేతులకు నూనె మరకలే. ఆదివారం మాత్రం గోళ్ల సందుల దాకా తోముకుని గుడికి వెళ్లేవాడు. ఫాదర్‌గారి చేతికింద ఏడు గుళ్లుండటంతో ఇక్కడికి నెలకొకసారే వచ్చేవారు. తక్కిన ఆదివారాలు ప్రార్థన నడిపేది బాబాయే. సువార్త చదివాక పది నిమిషాలు తనకు తోచింది చెప్పేవాడు. దారం తెగితే మిషన్ని తిట్టకండి, సూది సరిగా ఎక్కించారో లేదో చూసుకోండి అని మొదలుపెట్టి, మెల్లగా ఇంట్లో జరిగే తగువుల్లోకి దిగేవాడు.

పదకొండేళ్లు ఇలాగే నడిపాక ఒకసారి నోరు జారాడు. పేటలో టైలరు ఒకాయన పోయినప్పుడు, ఆయన భార్య ఏడుపు చూడలేక, నీ మొగుడు నేరుగా మోక్షానికే వెళ్లాడమ్మా అన్నాడు, సమాధి దగ్గర అందరి ముందూ. ఆవిడ ఆ మాట పట్టుకుని భర్త ఆత్మ కోసం పూజలు చెప్పించడం మానేసింది. నేరుగా వెళ్లినవాడికి ఇంకా ప్రార్థన దేనికి? ఆవిడ అన్న వెళ్లి ఫాదర్‌గారిని నిలదీశాడు. చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం ఉన్నట్టా, లేనట్టా?

ఫాదర్‌గారు కేకలేయలేదు. అదే బాబాయికి ఎక్కువ మండింది.

"మీ మనసు మంచిదే. కాని గుళ్లో నుంచుని చెప్పేది మీ మాట కాదు, శ్రీసభ మాట, మొత్తం చర్చి మాట. తప్పు దొర్లితే ఆవిడకి సమాధానం నేనేగా చెప్పుకోవాలి."

ఆ నెల నుంచి బిషప్‌గారి ఆఫీసు పంపే అచ్చు కాగితమే చదవాలి. ఒక్క ముక్క ఎక్కువ కాకూడదు.

బాబాయి తప్పు ఒప్పుకున్నాడు. టైలరు భార్య ఇంటికి వెళ్లి చెప్పుకున్నాడు కూడా. కాని కుట్టు వదిలిన మిషన్ని సరిచేస్తాం గాని మూలన పడేస్తామా అని రోజూ కొట్లో సణిగేవాడు. బాబాయి భార్య విసిగిపోయింది.

"ఆ కాగితమేదో ఇంటికి కూడా పంపమను. నా చెవులు చల్లబడతాయి."

ఇంతలో బాబాయి అక్క పోయింది. ఇరవయ్యేళ్లొచ్చినా సంతకం రాని తమ్ముడికి బైబిలు ముందుపెట్టి, వేలు పట్టుకుని ఒక్కో మాటా చదివించిన అక్క. ఫాదర్‌గారు ఎక్కడో సమావేశంలో ఉన్నారు. సొంత అక్క, రెండు మాటలు చెప్పుకోనివ్వండని బాబాయి ఫోనులో బతిమాలాడు.

"ఇంటి దగ్గర ఎంతైనా చెప్పుకోండి. గుళ్లో కాగితమే. మీకోసం సడలిస్తే రేపు ఇంకొకళ్లని ఎలా ఆపను?"

అది ఎవరి శవపేటిక ముందు చదివినా సరిపోయే కాగితం. పేరు చదవాల్సిన చోట మాత్రం గీత గీసి వదిలేశారు, నాలుగుసార్లు. మొదటి గీత దగ్గర ఆగాడు. ఆవిణ్ణి ఏనాడూ పేరుతో పిలిచి ఎరగడు.

"మా అక్క" అన్నాడు.

నాలుగు చోట్లా అదే చదివాడు. ఆమె ఆత్మ శుద్ధి కోసం ప్రార్థించమన్న చివరి వాక్యాన్ని టైలరు భార్య వైపు చూస్తూ, తడబడకుండా చదివాడు.

మర్నాడు ఫాదర్‌గారు ఫోను చేసి, అంతా కాగితం ప్రకారమే జరిగిందా అని అడిగారు.

"జరిగింది ఫాదర్. మా అక్క గురించి ఒక్క ముక్క చెప్పలేదు."

మంచిది అన్నారు ఫాదర్‌గారు. బాబాయి ఫోను పెట్టేసి, పోయినవారమే బాగుచేసిన మిషన్ని మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు.