తమ్ముడికి నేర్పిన క్షమాపణ

చిరిగిన బట్టలో చిరుగు కనబడకుండా చేయడం ఆవిడ పని. అతుకు వేయదు. అదే బట్ట లోపలి మడతల్లోంచి పోగులు లాగి, సూదితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అల్లుకుంటూ పోతుంది. దాన్నే రఫూ అంటారు. సిగరెట్టు నిప్పు పడిన కోటు తెచ్చినవాళ్ళు తిరిగి తీసుకెళ్ళేటప్పుడు, కన్నం ఎక్కడుండేదో తామే వెతుక్కుంటారు. అప్పుడు ఆవిడ పనిచేసే డ్రైక్లీనింగ్ షాపు ఓనరు కౌంటరు దగ్గర మీసం మెలేస్తూ నిలబడతాడు, తానే కుట్టినట్టు. వెనక గదిలో కిటికీ పక్క స్టూలు మీద ఆవిడ తల ఎత్తకుండా నవ్వుకుంటుంది. వీధిలో అందరికీ ఆవిడ రఫూ అక్కే. నిజంగా అక్కా అని పిలవాల్సినవాడు మాత్రం జైల్లో ఉన్నాడు.

వాణ్ణి చిన్నోడు అనేవారు. తల్లి పోయేనాటికి వాడికి మాటలు సరిగ్గా రాలేదు, ఆవిడకు ఇంకా లంగా జాకెట్టు వయసు. తండ్రి లారీల మీద ఊళ్ళు తిరిగేవాడు. వాడికి తిండి పెట్టింది, బడికి పంపింది, వాడు చేసిన పనులకు గడప గడపకూ వెళ్ళి సర్దిచెప్పుకున్నది ఆవిడే. ఏ గుమ్మం ముందు నిలబడినా ఒకటే మాట: "చిన్నపిల్లాడు కదండీ."

పక్కింటివాళ్ళు ముద్దుగా పెంచుకునే కుందేలు ఒకటి ఉండేది. ఒకరోజు వాడు దాన్ని నీళ్ళ డ్రమ్ములో వేసి మూత పెట్టాడు. మూతకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళేసరికే అంతా అయిపోయింది. ఎందుకురా అంటే, ఎంతసేపు కొట్టుకుంటుందో విందామని అన్నాడు. ముఖంలో బెదురు లేదు, కోపమూ లేదు. లెక్క ఎలా చేశావని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

పక్కింటావిడ వీళ్ళుండే ఇంటి యజమానికి స్వయానా చెల్లెలు. ఇల్లు ఖాళీ చేయించేదాకా నిద్రపోనని కేకలేస్తోంది. తండ్రి ఊళ్ళో లేడు. అక్కకు ఏం చేయాలో తోచక, తమ్ముణ్ణి తీసుకెళ్ళి అద్దం ముందు నిలబెట్టింది.

"తల దించు. 'తప్పయిపోయిందండీ' అను. అని ఆగు, వెంటనే మాట్లాడకు. తర్వాత, 'ఎందుకలా చేశానో నాకే తెలీడం లేదు' అను."

"ఏడుపు రాకపోతే?"

"రెప్ప వేయకుండా నేలకేసి చూస్తూ ఉండు. నీళ్ళు అవే వస్తాయి."

వాడు ఒకటికి రెండుసార్లు అని చూసుకున్నాడు. ముక్కు ఎగబీల్చడం ఎవరూ చెప్పకుండానే చేర్చాడు. పక్కింటావిడ కరిగిపోయి, వాణ్ణి దగ్గరకు తీసుకుని, బిస్కెట్లు పెట్టి పంపింది. తిరిగొస్తూ వాడు నోటినిండా బిస్కెట్లతో, "భలే పనిచేసిందక్కా" అన్నాడు. గండం గడిచిందన్న హుషారులో ఆవిడ నవ్వేసింది.

ఆ తర్వాత వాడికి ఎవరూ ఏదీ నేర్పాల్సిన అవసరం రాలేదు. ఎవడి చెయ్యో విరగ్గొట్టినా, ఎవరి సైకిలో అమ్మేసినా, ఆ మాటలే, ఆ తీరులోనే చెప్పి బయటపడేవాడు. పెద్దయ్యాక చూడముచ్చటగా తయారయ్యాడు. కొత్తవాళ్ళయినా కాసేపు మాట్లాడితే చుట్టాలైపోయేవారు. ఏ ఉద్యోగమైనా ఇట్టే దొరికేది, అంతే సులువుగా పోయేది. పోయినందుకు దిగులుపడటం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

చివరికి ఒక రిటైరైన మాష్టారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఆయన వీణ్ణి కొడుకులా చూసుకున్నాడు. ఒక సాయంత్రం కారు తాళాలు ఇవ్వనన్నాడు. వీడు తోసిన తోపుకు మెట్ల మీంచి పడ్డాడు. కొన ఊపిరితో ఉన్నాడు. వీడు ఎవర్నీ పిలవలేదు. ఆయన కోసం వడ్డించి ఉన్న భోజనం కూర్చుని తిన్నాడు, కంచం కడిగి బోర్లించాడు, కారు తీసుకుని వెళ్ళిపోయాడు. మాష్టారు బతకలేదు. కోర్టులో ఎందుకలా చేశావంటే, ఆకలేసింది అన్నాడు. తోయడం కోపంలో జరిగిందని ఆవిడ మనసుకు నచ్చజెప్పుకోగలిగింది. కంచం కడగడం దగ్గరే ఆగిపోయేది.

శిక్షలో చాలాభాగం గడిచింది. జైల్లో వాడికి మంచి పేరు. ముందుగా వదలాలంటే, సొంతవాళ్ళెవరైనా వచ్చి ఇంట్లో ఉంచుకుంటామని విడుదల సంగతి తేల్చే కమిటీ ముందు చెప్పాలి. సొంతమంటే ఆవిడొక్కతే. రెండు గదుల ఇల్లు, భర్త లేడు, కాలేజీకి వెళ్ళే కూతురు. కూతురికి మావయ్య జైల్నుంచి చేసే ఫోనంటే పండగే. "ఇక్కడ దొంగల భయమే లేదే కోడలా, లోపలికొచ్చినవాడు ఒక్కడూ పారిపోలేడు" అంటుంటే పొట్ట పట్టుకుని నవ్వేది. మావయ్య మారాడమ్మా, నువ్వొక్క మాటంటే వచ్చేస్తాడని రోజూ సతాయించేది. ఆ పిల్ల నవ్వులో ఆవిడకు ఆ పక్కింటావిడ కనబడేది.

కమిటీ కూర్చోబోయే ముందు జైలు డాక్టరమ్మ ఆవిణ్ణి పిలిపించింది. వాడి చిన్నతనం గురించి అడిగి, అడ్డం రాకుండా విన్నది. కుందేలు దగ్గర మాత్రం, వాడు భయపడ్డాడా అని మళ్ళీ అడిగింది. తర్వాత డాక్టరమ్మే తనకు తెలిసింది నెమ్మదిగా చెప్పింది. ఇది పిచ్చి కాదు. ఏది తప్పో వాడికి బాగా తెలుసు, తెలిసింది మనసుకు తగలదు. ఎదుటివాడి భయం చూస్తే మనకు చురుక్కుమన్నట్టు వాడికి చురుక్కుమనదు, శిక్ష భయమూ అంతగా ఆపదు. ఈ తత్వం ఉన్నవాళ్ళందరూ నేరాలు చేయరు, జైల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ తత్వం ఉండదు. కానీ ఇది ఉన్నవాడు ఒకసారి ఆ దారి పడితే, మళ్ళీ పడే ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఎక్కువ.

"నేను సరిగ్గా పెంచి ఉంటే ఇలా అయ్యేవాడు కాదా డాక్టరుగారూ?"

"పుట్టుకతో కొంత వస్తుందమ్మా, పెరిగిన తీరుతో కొంత. ఏది ఎంతని నేను విడదీసి చెప్పలేను. చెప్పగలిగితే మీకు ముందే చెప్పేదాన్ని."

ఆవిడకు అందులో ఓదార్పు దొరకలేదు, నిందా దొరకలేదు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ముగ్గురు. డాక్టరమ్మ ఓ పక్కన కూర్చుంది. చిన్నోణ్ణి తీసుకొచ్చారు. జుట్టు నెరిసింది, ముఖం మాత్రం అదే ముఖం. మాష్టారి గురించి చెప్పమన్నారు.

వాడు తల దించాడు. "తప్పయిపోయిందండీ" అన్నాడు. ఆగాడు.

తర్వాతి మాట ఏమిటో రఫూ అక్కకు తెలుసు. వాడు రెప్ప వేయకుండా నేలకేసి చూస్తున్నాడు.

"ఎందుకలా చేశానో నాకే తెలీడం లేదు." కళ్ళు నిండాయి. ముక్కు ఎగబీల్చాడు. బల్ల వెనకున్న పెద్దాయన మంచినీళ్ళ గ్లాసు వాడివైపు జరిపాడు.

ఆవిణ్ణి అడిగారు. ఇంట్లో ఉంచుకుంటారా అని. వాడు తల తిప్పి అక్కవైపు చూశాడు, ఎంతో ప్రేమగా.

"ఉంచుకోలేనండీ" అంది. ఎందుకని పెద్దాయన అడిగితే, "ఆ మాటలు వాడివి కావు. కుందేలు చచ్చినప్పుడు నేను నేర్పినవి" అని చెప్పింది. పెద్దాయన డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె మెల్లగా తలూపింది.

బయట వరండాలో వాణ్ణి తీసుకెళ్తూ గార్డు ఒక్క క్షణం ఆగనిచ్చాడు. తిడతాడేమో అనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. వాడి కళ్ళు అప్పటికే ఆరిపోయాయి.

"పర్లేదక్కా" అన్నాడు, బస్సు తప్పినవాడిలా. "వచ్చేసారి నువ్వు రాకు. కోడల్ని పంపు. దానికీ కమిటీ ముందు చెప్పే వయసొచ్చేసిందిగా."

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది. తల్లి ముఖం చూడగానే దానికి అర్థమైపోయింది. అడ్డం చెప్పావు కదూ అంది. తల్లి చెప్పులైనా విప్పకుండా కూర్చుని, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది కూతురికి చెప్పడం మొదలుపెట్టింది. డ్రమ్ము, మూత, మూతకు ఆనించిన చెవి, అద్దం, బిస్కెట్లు. తాను నవ్విన నవ్వు కూడా దాచలేదు. వరండాలో వాడన్న మాటతో ముగించింది.

కూతురు ఒప్పుకోలేదు. మావయ్య నన్ను నమ్ముతున్నాడు కాబట్టే అలా అన్నాడంది. తర్వాత తల్లివైపు తిరిగి, జాలిగా, సర్దిచెబుతున్నట్టుగా అంది:

"అప్పుడు చిన్నపిల్లాడు కదమ్మా."

లోపలి గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇద్దరికీ అది ఎవరో తెలుసు. కూతురు కదిలింది. ఆవిడ లేచి వెళ్ళి, తలుపుకు అడ్డంగా నిలబడింది.