లేత ఎముక, రెండు కాడీలు

పోయిన నెల మహారాష్ట్ర అంచున ఉన్న మా ఊరు బామ్నిలో నేనొక్కడినే ధర్నా చేశాను. ఎవరి మీద అంటారా? వింటే టీ గొంతు దిగదు, కప్పు కింద పెట్టి వినండి.

మా పక్కింటి లస్మవ్వకు ఉన్నది ఒకే ఆవు. దానికి పది రోజుల లేగదూడ. ఆ పొద్దున తల్లి తొక్కి దూడ ముందుకాలు పక్కకు వంగిపోయింది. లస్మవ్వ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పోయినేడు ఎద్దుకు గిట్లనే ఇరిగింది, మళ్ల లేవనే లేదు. ఇది గూడ అంతేనా బిడ్డా?"

నాకు కోపం వచ్చింది. బాధ కలిగినా నాకు కోపమే వస్తుంది. సరిహద్దు ఊళ్లంటే ఎవరికీ పట్టదని తిట్టుకుంటూ సిరోంచ పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన నాగపూర్ వైపు మనిషి, తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. అంతా విని, "దూడకు రెండు కాడీ కట్టు. గట్టిగ. నేను వస్త" అని పెట్టేశాడు.

కాడి. నడవలేని పసిదానికి. అదీ రెండు.

"దున్నేవాడిదే భూమి అన్నం గాని, పాలు తాగేదాంతోని దున్నిస్తమన్నమా అవ్వా?"

లస్మవ్వ అప్పటికే కొట్టంలోంచి కాడి ఈడ్చుకొస్తోంది. "డాక్టర్ సాబ్ చెప్పిండంటే ఏదో వైద్యం ఉంటది. రెండోది ఎవరింట్లనన్న అడుక్కరా."

వెళ్లి ఆ కాడి మీద కూర్చున్నాను. శ్రమదోపిడీ నశించాలన్నాను. దూడ నా చొక్కా అంచు చీకుతోంది.

గంటకు డాక్టరు వచ్చాడు. "కట్టలే?"

"కట్టం. దాని మెడ మీద ఎవరికీ హక్కు లేదు."

"మెడకు ఎందుకు? కాలుకు." సంచిలోంచి రెండు వెదురు పుల్లలు తీసి చూపించాడు. "హీ కాడీ."

మరాఠీలో కాడీ అంటే పుల్ల. బడిలో ఆ భాష పదేళ్లు చదివాను. కోపంలో ఉంటే నాకు ఏ భాషా రాదు.

నా నినాదాల వల్ల దూడ గంటసేపు ఊరికే నొప్పి పడింది. లస్మవ్వ కాడిని తిరిగి కొట్టంలోకి ఈడ్చుకెళ్లింది. డాక్టరు దూడ కాలు పట్టుకోమంటే పట్టుకున్నాను. నా మణికట్టంత లావు కూడా లేదు.

దూది చుట్టి పుల్లలు కడుతూ డాక్టరు సగం మరాఠీలో, సగం తెలుగులో చెప్పాడు. లేత ఎముకలో సున్నం తక్కువ, కొలాజెన్ అనే జిగురు పదార్థం ఎక్కువ. అందుకే పచ్చి కట్టెలా వంగి, ఒక పక్కే పగిలింది. పెరిగేకొద్దీ సున్నం చేరి గట్టిపడుతుంది, బరువు మోస్తుంది. కానీ వంగడం తగ్గిపోతుంది, దెబ్బ పడితే విరుగుతుంది. ఎద్దుకు అయింది అదే.

"అయితే ఇది లేస్తదా సాబ్?"

"లేస్తది."

నిన్న కట్లు విప్పారు. దూడ ఒక అడుగు వేసింది, ఆగింది, ఇంకోటి వేసింది. తర్వాత మమ్మల్ని లెక్కచేయకుండా తల్లి పొదుగు దగ్గరికి పోయింది. లస్మవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"లేత ఎముక వంగుతదంట. మరి నువ్వెందుకు వంగవు బిడ్డా?"

"నాకు ఇరవై మూడేండ్లవ్వా. సున్నం పట్టి ఉంటది."

"అవ్, పట్టింది. అంతా తలకాయల."