వన్స్ మోర్ అన్నది టీవీ కాదు

మా చిన్నప్పుడు... రోజూ సాయంత్రం గది తలుపు వేసుకుని, లాప్‌టాప్ ముందు చచ్చిపోయేదాన్ని.

నవ్వకండి. నాకప్పుడు పద్నాలుగేళ్లు. కరోనా రోజులు, స్కూళ్లు మూసేశారు. మా ఇల్లు ఐర్లాండ్‌లో, డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో. ఓ నాటక సంస్థ మా స్కూలుతో చేయి కలిపి, పరీక్షకి చదివి తీరాల్సిన నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు నాటకాన్ని మా చేతే ఆడించాలనుకుంది. మాకంటే ముందు మా ఇంగ్లీషు టీచర్‌కే పాఠాలు చెప్పారు... ఆ మాటల్ని బట్టీ పట్టించకుండా, నిలబెట్టి పలికించడం ఎలాగో. ఎవరింట్లో వాళ్లం, ఎవరి స్క్రీన్‌లో వాళ్లం. నాకు యుద్ధంలో చనిపోయే యువరాజు వేషం వచ్చింది. ఇంట్లో ఏవుంటే అవి వాడుకోమన్నారు... అమ్మ చున్నీ ఉత్తరీయం, అట్లకాడ కత్తి.

కానీ ఇంట్లో అసలు నటుడు వేరే ఉన్నారు. అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య. తెనాలి వైపు పద్యనాటకాల్లో నలభై ఏళ్లు వేషాలు కట్టిన మనిషి. మూడు నెలలుండి వెళ్దామని వచ్చి, విమానాలు ఆగిపోయి ఏడాదిగా మా దగ్గరే చిక్కుకుపోయారు. పాపం, మరచెంబులో వేడినీళ్లు, కిటికీ బయట వాన... అంతే. నాకు తెలుగు రాయడం నేర్పింది కూడా ఆ ఏడాదే. మీరిప్పుడు చదువుతున్న ఈ అక్షరాలు ఆయన దిద్దబెట్టినవే.

ఆయన చెప్పేవారు... వాళ్ల నాటకాల్లో పద్యం నచ్చితే జనం ఒక వేలు పైకెత్తి "వన్స్ మోర్" అని అరిచేవారట. అడిగాక పాడి తీరాలి. చచ్చిపడ్డ వేషమైనా సరే... లేచి, పంచె దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోవాలి. ఒకసారి ఆయన ఒకే నాటకంలో మూడుసార్లు చచ్చిపోయారట. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు!

ఓ బుధవారం రిహార్సల్. నాటక సంస్థ ఆవిడ, మా టీచర్, క్లాసంతా చూస్తున్నారు. చివరి మాటలు చెప్పి నేల మీద పడ్డాను. ఎందుకో ఆ రోజు బాగా కుదిరింది.

అప్పుడు నా వెనక నుంచి గట్టిగా వినిపించింది, "వన్స్ మోర్!"

తల తిప్పి చూశాను. తలుపు సందులో తాతయ్య. వేలు పైకెత్తి, కళ్ల నిండా నీళ్లతో నిలబడి ఉన్నారు. స్క్రీన్ నిండా నవ్వులు. ఎవరది అని టీచర్ మామూలుగానే అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏం లేదు మిస్... టీవీ," అన్నాను ఇంగ్లీషులో. కాలితో తలుపు మూసేశాను.

తాతయ్యకి ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ టీవీ అన్న మాట ఎవరికి తెలియదు?

ఆయన ఆ రాత్రి మజ్జిగన్నం తిని వెళ్లి పడుకున్నారు. మర్నాటి నుంచి ఇంట్లో పద్యం లేదు, కూనిరాగం లేదు. అమ్మ అడిగితే గొంతు బాగా లేదన్నారు. సారీ చెబుదామని రోజూ అనుకునేదాన్ని. ఏ ముఖం పెట్టుకుని చెప్పను... రేపు, రేపు అనుకుంటుండగానే ఆయనకి విమానం దొరికింది.

ఎయిర్‌పోర్టుకి నాన్న ఒక్కరే తీసుకెళ్లారు. గుమ్మంలో తాతయ్య నా తల మీద చెయ్యి పెట్టారు.

"నీ మాట స్పష్టంగా ఉందమ్మా. ఊపిరి మాత్రం చివరి ముక్కదాకా దాచుకో."

తలూపాను. అప్పుడైనా చెప్పలేదు.

ఏప్రిల్ చివర్లో అసలు ప్రదర్శన. స్కూళ్లు తెరిచినా పెద్దవాళ్లని లోపలికి రానివ్వట్లేదు కాబట్టి, అదీ స్క్రీన్ మీదే, ఎవరింట్లో వాళ్లం. తల్లిదండ్రులు, వేరే స్కూళ్ల టీచర్లు చూస్తున్నారు. నా మాటలు చెప్పి పడిపోయాను. వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. టీచర్ తర్వాతి రంగంవాళ్లని పిలవబోతున్నారు.

లేచాను. చున్నీ దులుపుకున్నాను. "మిస్, ఆ రోజు అది టీవీ కాదు. మా తాతయ్య. ఆయన మళ్లీ చెప్పమని అడిగారు, నేను చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. "గ్రాండ్, నిదానంగా చెప్పు," అన్నారు టీచర్. ఇక్కడ గ్రాండ్ అంటే సరే అని. మొత్తం మళ్లీ చెప్పి, మళ్లీ పడిపోయాను. ఆ రికార్డింగు తాతయ్యకి వినిపించమని, ఇండియాలో ఉన్న మావయ్యకి పంపాను.

అప్పటికే తాతయ్య కరోనాతో గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారు. ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజుల తర్వాత మావయ్య, ఒంటి నిండా ఆ తెల్ల పీపీఈ కిట్టు వేసుకుని, ఆయన మంచం పక్కనుంచి అమ్మకి వీడియో కాల్ చేశాడు.

"పిల్ల పంపింది వినిపించానక్కా. అప్పట్నుంచి ఒకటే వేలు ఎత్తి చూపిస్తన్నారు. నీళ్లా అంటే కాదంట, డాక్టరునా అంటే కాదంట. ఏం కావాలో అర్థం కావట్లా."

అమ్మకీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని, వంటింట్లో నిటారుగా నిలబడ్డాను. "మావయ్యా, ఫోన్ తాతయ్య చెవి దగ్గర పెట్టు. సారీ తాతయ్యా... మళ్లీ చెబుతున్నా," అన్నాను. యువరాజు చివరి మాటలన్నీ మొదటి నుంచి చెప్పాను. ఊపిరి చివరి ముక్కదాకా దాచుకున్నాను. అయ్యాక మావయ్య ఫోన్ తిప్పాడు. తాతయ్య వేలు దించేసి కళ్లు మూసుకుని ఉన్నారు.

మర్నాడు పోయారు.

ఇప్పుడు హాళ్లన్నీ తెరిచారు. నేనూ వెళ్తుంటాను. నాటకం అయిపోగానే అందరూ లేచి చప్పట్లు కొడతారు, కోట్లు వేసుకుంటారు, వెళ్లి బస్సెక్కుతారు. మళ్లీ ఒక్కసారి అని ఎవరూ అడగరు... మిమ్మల్ని అలా అడిగిన మనిషి మీ ఇంట్లో ఎవరు? కింద రాయండి. తాతయ్య ఇప్పుడు ఏమీ అడగరు కదా... మీరు రాసినవే మళ్లీ మళ్లీ చదువుకుంటాను.