గుండు సున్నా, నాటౌట్

వెస్టిండీస్‌లోని చిన్న దీవి కరియాకూలో పడవ కారుతోందంటే సిల్వానస్ బెడోకి కబురు పెట్టాల్సిందే. పలకల సందుల్లో నూలు కూరి, సుత్తితో దిగ్గొట్టి, పైన తారు పూసేవాడు. అతను మూసిన సందులోంచి చుక్క నీరు వచ్చిందన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

ఆ మనిషి చుట్టుపక్కల దీవులన్నీ కలిసి ఆడే విండ్‌వర్డ్ దీవుల క్రికెట్ జట్టుకు నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. నాలుగే! తీసిన వికెట్లు ఏడు, కొట్టిన పరుగులు తొమ్మిది. లెక్కలు రాసేవాళ్లకు అది అర లైను. మాకు కాదు.

డెబ్భై ఆరులో, సెయింట్ విన్సెంట్‌లో బార్బడోస్ మీద అతని నాలుగో మ్యాచ్. ఆఖరి రోజు మనవాళ్ల వికెట్లు టపటపా రాలుతున్నాయి. ప్యాడ్లు కట్టుకుంటున్న సిల్వానస్ చెవిన ఓ పెద్దమనిషి మాట పడింది. జట్టును ఎంచేవాళ్లలో ఒకడాయన.

"ఆ బుల్లి దీవోళ్లని తెస్తే ఇంతే. పడవలు చేసుకునేవాళ్లకి క్రికెట్ ఎందుకండీ? ఇదే ఆఖరు. అక్కణ్నుంచి ఇంకెవర్నీ పిలిచేది లేదు."

సిల్వానస్‌కు ఒళ్లు మండిపోయింది. తనొక్కణ్నే అంటే దులిపేసుకునేవాడే. దీవి మొత్తాన్ని అంటే ఎలా ఊరుకుంటాడు?

తొమ్మిదో వికెట్ పడింది. ఇంకొక్కటి పడితే బార్బడోస్ గెలిచినట్టే. యాభై నిమిషాలు కాచుకుంటే డ్రా. అవతలి కొసన ఆడుతున్న సెయింట్ లూషియా వాడు ఫెలిషియన్ మొహం వేలాడేసుకుని ఎదురొచ్చాడు.

"అన్నా, బ్యాటు పట్టడం వచ్చా నీకు?"

"రాదు. సందు మూయడం వచ్చు."

అదే చేశాడు. బ్యాటుకూ ప్యాడుకూ మధ్య గాలి కూడా దూరనివ్వలేదు. ఓ బంతి పక్కటెముకలకు తగిలింది.

"కొట్టవయ్యా పడవలాయనా! భయమా?" అన్నాడు బౌలరు.

సిల్వానస్ మళ్లీ బ్యాటు ఆనించి నిలబడ్డాడు. ఊరించే బంతుల్ని ముట్టుకోలేదు. వేళ్లు వాచి గ్లవ్ బిగుసుకుపోయింది. అరవై ఒక్క బంతులు, ఒక్క పరుగూ లేదు! అంపైరు బెయిల్స్ తీసేశాడు. మ్యాచ్ డ్రా.

కరియాకూలో పడవ దిగేసరికి రేవులో చేపలమ్మే ఐడా పిన్ని నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"సముద్రం దాటెళ్లి గుండు సున్నా తెచ్చావటగా నాయనా! వండితే ఎందరికి సరిపోద్ది?"

"ఊరందరికీ పిన్నీ!"

"ఓరి నీ దుంపతెగ! నీ మూలాన రేడియోకి అంటుకుపోయి సంకటి మాడబెట్టుకున్నాను," అని అతని వీపు మీద ఒక్కటి చరిచి, కళ్లు తుడుచుకుంది.

మరుసటి జనవరిలో జట్టు జాబితాను పోస్టాఫీసు గోడకు అంటించారు. అందులో సిల్వానస్ పేరు లేదు. కరియాకూ వాళ్ల పేర్లు మాత్రం రెండున్నాయి. అతను రెండుసార్లు చదివాడు. ఆ వెంటనే వీధి దద్దరిల్లేలా అరిచాడు.

"ఒక్కణ్నీ పిలిచేది లేదన్నారు, ఇద్దర్ని పిలిచారర్రా! ఇద్దర్ని!"

మిట్టమధ్యాహ్నం ఎండలో, తారు చేతులతోనే, ఆ ఇద్దరి ఇళ్లకూ పరిగెత్తి కబురు చెప్పింది అతనే.