తెప్పెక్కిన రాయపూర్ పెట్టె

మా బావ నూకరాజుని రాయపూర్ రైల్వే క్వార్టర్స్‌లో అందరూ మంచివాడనేవారు. నేనూ కాదనను. కానీ మంచితనానికి మొండితనం తోడైతే ఇంట్లోవాళ్ళు ఎంత ఏడవాలో ఆ అన్నవాళ్ళకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినదాన్ని నేను. ఆయన సంగతి నేనే చెబుతాను, ఉన్నదున్నట్టు.

భీమిలి పక్కన సముద్రం ఒడ్డున పుట్టాడు. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో వాళ్ళ నాన్న తెప్ప మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. పెద్దకొడుకు బంగారయ్య అప్పటికే వేటలో పడ్డాడు, అతన్ని ఆపడం మా మేనత్త పైడమ్మ వల్ల కాలేదు. చిన్నవాణ్ణి మాత్రం తన తమ్ముడికి అప్పగించి, "సముద్రం మాట వినపడని ఊరికి తీసుకుపోరా" అంది. ఆ తమ్ముడే మా నాన్న, రాయపూర్‌లో గ్యాంగ్‌మన్. పద్నాలుగేళ్ళ బావ మా ఇంట్లో అడుగుపెట్టిననాటికి నాకు ఆరేళ్ళు. పదకొండేళ్ళ తర్వాత ఆయనకే నన్నిచ్చి చేశారు.

రైల్వేలోనే ఖలాసీగా చేరి, డెబ్భై తొమ్మిదిలో పట్టాలు పరీక్షించే ట్రాలీ మీదికి మారాడు. ఆ ట్రాలీ మన చెవికి అందని చప్పుడొకటి పట్టాలోకి పంపుతుంది. లోపల పగులుంటే దానికి తగిలి చప్పుడు వెనక్కొస్తుంది, తెర మీద గీత నిక్కబొడుచుకుంటుంది. పగులు లేకపోయినా తెర అడుగున పొట్టి గీతలు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయట. వాటిని వీళ్ళు 'ఘాస్' అంటారు, గడ్డి అన్నమాట. గడ్డిని పట్టించుకోకూడదు. కొత్తలో ఒకసారి బావ గడ్డిని చూసి కంగారుపడి లైన్ ఆపించాడు, పైవాళ్ళ చేత నానా చీవాట్లూ తిన్నాడు. అప్పట్నుంచీ పొద్దున్నే ఆ తెర ఉన్న పెట్టె తెరవగానే మీట తిప్పి గడ్డి కనపడకుండా చేశాకే పనిలోకి దిగేవాడు. పన్నెండేళ్ళు ఇదే వరస.

చేసే ఉద్యోగం రైల్వేదే గానీ, ప్రాణం తెప్ప మీదే ఉండేది. ఇక్కడ సహోద్యోగులు మచ్లీవాలా, చేపలవాడు అని ఏడిపించేవారు. సెలవు పెట్టి ఊరెళ్తే అక్కడివాళ్ళు రైలోడు అనేవారు. రెండోదానికే ఆయన ఎక్కువ కుమిలిపోయేవాడు. నవ్వకుండా తెప్ప మీద చోటిచ్చేవాడు ఒక్క పెద్దబావ బంగారయ్యే.

పెద్దబావకి ఊళ్ళో ఒక పేరుంది. తెడ్డు ఆకుని నీళ్ళలో ముంచి, పైకొసని చెవికి ఆనించుకుని, కింద ఏ చేపలున్నాయో చెప్పేవాడు. పూర్వం ఎరకి తప్ప దేనికీ పనికిరాని స్క్విడ్‌ని కంపెనీలవాళ్ళు వచ్చి ఒడ్డునే కొనడం మొదలెట్టాక ఆయన చెవికి మరీ గిరాకీ పెరిగింది. పది చేతుల ఆ మెత్తటి జీవి చప్పుడు చెయ్యదు. కానీ అది గుంపుగా చేరిన చోట చిన్నచేపల చిటపటలు ఆగిపోతాయట. ఆ ఆగిపోవడాన్ని పెద్దబావ వినేవాడు.

తొంభయ్యో సంవత్సరంలో ఆయనకి రెండు చెవులూ పోయాయి, చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు. తెప్ప అప్పటికే అల్లుడు పరదేశి చేతిలోకి వచ్చింది. పరదేశి చెడ్డవాడు కాదు, కానీ వేళాకోళం తెలియని మనిషి. "వచ్చే కార్తీకంలో మావ స్క్విడ్ పట్టిత్తే సరి, లేదంతే ఒడ్డున కూకుని వలలు బాగుసేసుకోవడమే" అని అందరి ముందూ అనేశాడు. పన్నెండేళ్ళ వయసు నుంచీ సముద్రం తప్ప మరొకటెరగని మనిషికి ఒడ్డున కూర్చోవడమంటే బతికుండగానే పాడెక్కించినట్టే.

ఆ మాట వినివచ్చిన బావకి నిద్ర పట్టలేదు. "అన్నకి వినపడకపోతేనేం, కనపడేలా చేస్తాను" అన్నాడు. విశాఖలో విరగ్గొట్టిన చేపల ట్రాలరు నుంచి చప్పుడు పంపి లోతు కొలిచే సామాను తెచ్చాడు, రద్దయిన ట్రాలీ తెర ఒకటి రైల్వే వేలంలో దొరికింది, ఆరు నెలలు వంటింట్లో నాకు కాలు పెట్టే చోటు లేకుండా చేశాడు. పెట్టె తయారయ్యాక లారీ ట్యూబు మీద కూర్చుని తెలీబాంధా చెరువులోకి దిగాడు. గట్టు మీద జనం పోగయ్యారు.

"క్యా రాజూ భయ్యా, మచ్లీ కా టీవీ బనాయా క్యా?" చేపల టీవీ చేశావా అని ఒకడు కేకేశాడు.

తెర మీద గీత నిక్కబొడుచుకున్న చోటల్లా గాలమేస్తే రోహూ చేపలు పడ్డాయి. నవ్వినవాళ్ళే ఇంటికొచ్చి పులుసు తిన్నారు.

"ఇది చెరువు బావా, అది సముద్రం" అన్నాను.

"పానీ తో పానీ హై, ఎక్కడైనా నీళ్ళు నీళ్ళే, నువ్వూరుకోవే!" అన్నాడు.

ఊరుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తొంభై ఒకటి కార్తీకంలో ఇద్దరం ఊరెళ్ళాం. తెల్లవారగానే అన్నదమ్ములూ పరదేశీ పెట్టెతో తెప్పెక్కారు. నేను ఒడ్డునే ఉన్నాను, తర్వాతి సంగతి బావే చెప్పాడు. కొంతదూరం పోయాక పెద్దబావ తెడ్డు ముంచి, కొసని చెవికి బదులు పళ్ళతో కరిచి, కర్రలోని అదురు పుర్రెకి అందేలా పట్టుకున్నాడట. చాలాసేపు అలాగే ఉండి, "ఇక్కడాపండి, కిందున్నాయి" అన్నాడట.

బావకి జాలేసింది. ముసలాయనకి మతి కూడా పోతోందనుకున్నాడు. పెట్టెని ఆయన వైపు తిప్పి, తెర నున్నగా ఖాళీగా ఉందని చూపించాడు. పెద్దబావ తెర వైపు చూశాడు, తమ్ముడి మొహం చూశాడు, అల్లుడి వైపు చూశాడు. తెడ్డు పైకి తీసి, "సర్లే, పోదాం పదండి" అన్నాడు.

ఇంకా ముందుకెళ్ళాక తెర మీద గీత ఎగిరింది. గాలాలు వేస్తే కింద రాయి. రెండు తాళ్ళు తెగాయి. వీళ్ళు వదిలేసి వచ్చిన చోట ఆగిన తెప్పలు మాత్రం స్క్విడ్ బరువుకి నీళ్ళలోకి కుంగుతూ తిరిగొచ్చాయి. మా తెప్ప ఉత్తచేతులతో ఒడ్డు చేరింది. ఆడవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పరదేశి పెట్టెని ఒక్క మాట అనలేదు. "ఆపమన్నదీ మావే, పోదామన్నదీ మావే. తన మాట మీద తనకే గురిలేనోడు తెప్పకెందుకు? రేపట్నుంచి వలలు సూసుకోమను" అని వెళ్ళిపోయాడు. పెద్దబావకి వినపడలేదు. కానీ అందరి మొహాలూ చూసి అర్థం చేసుకున్నాడు.

బావ రెండు స్క్విడ్‌లని ఒడ్డున కొని, ఐసులో పెట్టి రాయపూర్ తెచ్చాడు. దిగిన రోజే వాటిని తాడుకి కట్టి తెలీబాంధాలోకి దించాడు. తెర ఖాళీ. పెట్టె విప్పాడు, బిగించాడు, మళ్ళీ దించాడు. ఖాళీ. చివరికి ఎందుకో గడ్డి మీట వెనక్కి తిప్పాడు. పొట్టి గీతలన్నీ లేచాయి, వాటి మధ్య తాడున్నంత లోతులో సన్నని మరక ఒకటి కనపడింది. రోహూ లోపల గాలితిత్తి ఉంటుంది, చప్పుడు దానికి తగిలి గట్టిగా తిరిగొస్తుంది. స్క్విడ్‌లో ఎముకా లేదు, గాలీ లేదు. అది గడ్డిలాగే కనపడుతుంది. పన్నెండేళ్ళ అలవాటుతో, చెయ్యి దానంతటదే తిరిగి, సముద్రంలో ఆ పొద్దున గడ్డితోపాటు స్క్విడ్‌నీ కోసేశాడు మా బావ. నీ బుద్ధి గడ్డి తిన్నదా అని నోటిదాకా వచ్చింది. గట్టు మీద కూర్చుని ఆయన ఏడుస్తుంటే మింగేశాను.

మరుసటేడు ఊరెళ్ళి, ఒడ్డున అందరినీ పిలిచి, తప్పు తనదేననీ, అన్న చెప్పిందే నిజమనీ చెప్పాడు.

"ఇప్పుడు సెప్పి ఏటి లాభం సిన్నమావా? తెప్ప మీదికి ఏరే మనిసి వచ్చీసినాడు" అన్నాడు పరదేశి.

పెద్దబావ దూరంగా వల ముందేసుకుని కూర్చున్నాడు. ఏడాదిలోనే సగమైపోయాడు. బావ ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, చెవిలో నోరు పెట్టి అరిచాడు. "అన్నా! ఆ రోజు కింద ఉన్నాయి! నువ్వన్నదే నిజం!"

"నాకు తెల్దేటిరా?" అన్నాడు పెద్దబావ, వల మీంచి చూపు తియ్యకుండా.

"మరి పోదామని ఎందుకన్నావు?" బావ మళ్ళీ అరిచాడు.

"అల్లుడి ముందు నీ పెట్టె అబద్ధమని నానెలగంతాను? మరింకెప్పుడైనా నిన్ను తెప్పెక్కనిత్తాడేటి ఆడు?"

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు మా బావ. ఒక్కసారి కూడా తెప్పెక్కలేదు.