ఉలి దెబ్బల మధ్య ఎడం

పోయిన సోమవారం ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆన్‌లైన్ మీటింగుల పాత రికార్డింగులు చోటు తినేస్తున్నాయట, ఎవరివి వాళ్లు చూసుకుని శనివారంలోగా తీసేయాలట, మిగిలిపోయినవి ఆ తర్వాత వాళ్లే తుడిచేస్తారట. డిస్కుల్లో చోటెంత, వాటి ఆలస్యమెంత అని చూడటమే ఇన్నేళ్లుగా నా బతుకుతెరువు. అలాంటి నాకే నోటీసు ఇచ్చారు. సరేనని నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఒక్కోటీ తెరవడం, నాలుగు ముక్కలు వినడం, తీసేయడం. నా గొంతు నాకే విసుగు పుట్టించింది. ఇంత సాగదీసి మాట్లాడతానని ఎవరూ చెప్పలేదు, మర్యాదస్తులు. కరోనా రోజుల నాటి ఒక రికార్డింగులో నేను ఏదో గ్రాఫు గురించి గంభీరంగా చెబుతుంటే వెనక నుంచి టక్, టక్, టక్ మని ఉలి మీద సుత్తి పడుతున్న చప్పుడు వినిపించింది. నా వేలు అక్కడే ఆగిపోయింది. ఆ చప్పుడు మా మామది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు, ఇంటి మీద ఒక గది. ఆఫీసులు మూసేసి ఇళ్ల నుంచే పని చేయమన్నప్పుడు మాకు మా ఇల్లు చాలలేదు. మా ఆవిడ టీచరు, ముందుగదిలో కూర్చుని ఫోనులో పిల్లలకు ఎక్కాలు చెప్పేది. నేను వంటింట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంటే కుక్కరు విజిళ్లు అవతలి దేశం దాకా వినిపించేవి. "ఈడికి వచ్చేయరా అల్లుడా. పైగది ఖాళీగా పడుండాది. మీ అత్త ఇంకో ముద్ద సంగటి ఎక్కువ కెలుకుతాది, అంతే కదా" అన్నాడు మామ. బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక సోమవారం పొద్దున ఆళ్లగడ్డ పోయి శనివారం నంద్యాల వచ్చేవాణ్ణి. ప్రశాంతంగా పని చేసుకోవాలని రాళ్లు కొట్టే షెడ్డు మీదికి పోయి కూర్చున్నాను, నా తెలివి అలాంటిది. కటింగ్ మిషన్లు వచ్చి వీధి వీధంతా గుయ్యిమంటున్నా మామ విగ్రహం మొహం పని మాత్రం ఉలితోనే చేసేవాడు. "మిషన్‌కు తొందరెక్కువ. దేవుని మొగానికి తొందర పనికిరాదు" అనేవాడు. కనుబొమల నిండా, మీసాల నిండా తెల్లగా రాతిపొడి. ముక్కుకు తువ్వాలు కట్టుకో మామా అంటే కట్టుకునేవాడు, నేను మెట్లెక్కగానే తీసేసేవాడు.

ఒకసారి టీ గ్లాసు పట్టుకుని మామే పైకి వచ్చి నా స్క్రీను చూశాడు. "పొద్దస్తమానం ఆ గీతలేందిరా చూస్తాండావు?" అని అడిగాడు. ఎక్కడో ఒక చల్లటి గదిలో పెద్ద కంప్యూటరు ఉంటుందనీ, దాన్ని ఒకేసారి వేలమంది పని అడుగుతారనీ, కావలసిన సమాచారమంతా డిస్కుల్లో ఉంటుందనీ చెప్పాను. అడిగింది చేతికి రావడానికి ఎంతసేపు పట్టింది, ఆ సేపులో వరసలో నిలబడింది ఎంత, దారి దొరక్క ఆగింది ఎంత, డిస్కు తీసుకున్నది ఎంత, ఇవి విడదీసి చూడటం నా పని అన్నాను. ఎంతసేపంటే ఎంత అన్నాడు. సెకనులో వెయ్యో వంతుల్లో అన్నాను. మామ టీ ఒలికేంతగా నవ్వాడు. "కన్ను మూసి తెరిచేలోపల అయిపోతాంటే ఇంక ఆలస్యం యాడుందిరా? అయితే నువ్వు మిషన్లకు నాడి పట్టే వైద్యునివి." ఆ తర్వాత షెడ్డుకు ఎవరొచ్చినా "పైన ఉండేది మా అల్లుడు, కంప్యూటర్లకు నాడి చూస్తాడు" అని చెప్పేవాడు. విగ్రహం బేరానికొచ్చిన ఒక పెద్దాయన నీళ్లలో పడ్డ తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు కూడా. అదీ నా వైద్యానికి దక్కిన గౌరవం.

మా పనిలో ఒక అలవాటుంది. ప్రతి డిస్కుకూ ఇంతకు మించి ఆలస్యం కాకూడదని ఒక గీత గీసి పెడతాం. గీత దాటితే గంట మోగుతుంది. రెండు మూడుసార్లు మోగినా ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే, ఆ ఆలస్యం మామూలే అనుకుని గీతను కొంచెం పైకి జరుపుతాం. లేకపోతే రోజంతా ఆ గంట భరించలేం. ఆ రోజుల్లో ఒక డిస్కు మధ్యాహ్నాలు కొద్దిగా నెమ్మదించేది. గీత జరిపాను. నాలుగు వారాలకు మళ్లీ మోగింది, మళ్లీ జరిపాను. మేనేజరును అడిగే చేశాను, ఆయనా సరేనన్నాడు. కొంచెమే కదా.

కింద కూడా కొంచెమే. నేను వెళ్లిన కొత్తలో ఉలి చప్పుడు ఎడతెరిపి లేకుండా వచ్చేది. మీటింగులో ఎవరో ఒకరు "అన్నా, మీ వెనక ఏదో కొడుతున్నారు" అనేవారు, నేను సారీ చెప్పి మైకు నొక్కి ఆపేసేవాణ్ణి. కొన్ని వారాలకు ఆ చప్పుడు నా చెవికి ఎక్కడమే మానేసింది. మామ పది దెబ్బలకోసారి ఆగేవాడు, ఆ తర్వాత ఐదింటికోసారి. ఆగినప్పుడు దగ్గు. అత్త దుమ్ము అంది. నేను వయసు అన్నాను. మామ చలి అన్నాడు. ముగ్గురం మూడు కారణాలు చెప్పుకుని సంగటి తిన్నాం.

మొదట పట్టుకున్నది కొలిమి భాయ్. మామ ఉలులకు పదును పెట్టడానికి గురువారం గురువారం వచ్చి, షెడ్డు మూల చిన్న కొలిమి రాజేసి, మొనలు కాల్చి సాగగొట్టి నీళ్లలో ముంచేవాడు. ఒక గురువారం నేను మెట్ల మీద ఉండగా ఉలులు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడ్డాడు. "ఏందప్పా, ఉలులు మొండిపడటంల్యా? ముందు సంచి నిండా ఉండేవి. ఇప్పుడు గుప్పిట్లో పడతాండాయి. పని తగ్గిందా, దమ్ము తగ్గిందా?" అన్నాడు. "రాయి మెత్తంగా వచ్చిందిలే భాయ్" అన్నాడు మామ. నల్లరాయి మెత్తగా రావడమేమిటి! భాయ్ నా వైపు చూసి, "మామను కొంచెం చూసుకో సామీ" అన్నాడు. తలూపాను. అంతలో పైన గంట మోగింది. వెళ్లి గీతను ఇంకాస్త పైకి జరిపాను.

నెల దాటిందో లేదో, ఒక మధ్యాహ్నం ఆ డిస్కు చేతులెత్తేసింది. దాని వెనక వందల పనులు వరసగా నిలబడిపోయాయి. ఫోన్ల మీద ఫోన్లు. "ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగాడు మేనేజరు. "ఈ రోజే" అన్నాను, నిజమనుకునే అన్నాను. దాని మీది సమాచారం వేరే డిస్కులకు మార్చాక, టీ వేళకు అంతా సర్దుకుంది. ఎవరూ పెద్దగా తిట్టలేదు. కారణం రాసివ్వాలి కాబట్టి ఆర్నెల్ల అంకెలు ఒక్కచోట పరిచాను. ఏ వారానికి ఆ వారం చూస్తే ఆలస్యం చదునుగా ఉంది. అన్నీ కలిపి చూస్తే ఎగువ అహోబిలం కొండదారిలా ఎక్కుతూనే ఉంది, నేనే గీత జరుపుతూ దానికి దారి ఇస్తూ వచ్చాను. అప్పుడు కింద నుంచి టక్ మంది. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. ఏడు అంకెలయ్యాక రెండో దెబ్బ పడింది. మూడోది రాలేదు.

హెడ్‌ఫోను లాగి పడేసి దిగాను. మామ రాతికి ఆనుకుని కూర్చున్నాడు, సుత్తి ఒళ్లో ఉంది. లక్ష్మీదేవి మొహం దాదాపు అయిపోయింది, ఒక్క చెవి మిగిలింది. మామ పెదవులు నీలంగా ఉన్నాయి. "ఎప్పటినుంచి మామా ఇట్లా?" అన్నాను. "ఈ పొద్దేరా" అన్నాడు.

నంద్యాల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందన్నాడు. పోయిన భాగం ఇక తిరిగి రాదనీ, ఆర్నెల్ల ముందే దుమ్ములోంచి బయటికి తెచ్చుంటే మిగిలింది దక్కేదనీ అన్నాడు. ఆర్నెల్లే అన్నాడు, కావాలని అన్నట్టు. బయట బెంచీ మీద మామ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఏడుస్తావేందిరా. నువ్వు నాడి చూసేది మిషన్లకు. మనుషులకు కాదు కదా." ఓదార్చడానికే అన్నాడు. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తర్వాత ఏడాది పైచిలుకు ఆక్సిజన్ మిషన్ పక్కన మంచం మీద ఉన్నాడు. పోయేముందు వారం దాకా ఆ మిగిలిన చెవి ఎవరు చెక్కుతారని అడుగుతూనే ఉన్నాడు. వీధిలో ఇంకొకాయన చెక్కాడు, మిషన్‌తో.

ఇన్నేళ్లకు ఆ రికార్డింగులన్నీ తేదీల వరసలో పెట్టుకుని విన్నాను. చప్పుడు కొద్దిసేపే వినిపిస్తుంది, వెంటనే నేను మైకు నొక్కేస్తాను. మొదటివాటిలో దెబ్బలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పోనుపోను ఎడం పెరిగింది. డిస్కు చెడిపోయిన నాటికి ముందు వారం మీటింగులో మేనేజరు, "ఈమధ్య మీ వైపు చప్పుడే లేదు సార్, హాయిగా ఉంది" అంటాడు. నేను నవ్వుతాను. "థాంక్యూ" అంటాను. మిగతావన్నీ తీసేసి ఆ ఒక్కటీ ఉంచుకున్నాను. రేపు శనివారం దాటితే దాన్ని వాళ్లే తీసేస్తారు. కాలం నా దగ్గర్నుంచి మామను దొంగతనంగా ఏమీ తీసుకుపోలేదు, రోజుకింత అని అడిగి మరీ తీసుకుంది, నేనే కొంచెమే కదా అని ఇచ్చి థాంక్యూ కూడా చెప్పాను.